స్టేడియంలో పక్క సీటాయన కుప్పకూలితే: డాక్టరు వచ్చేలోపు మీరు చేయాల్సిన పని

కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళే తెలుగువాళ్ళు తక్కువేం కాదు. మారతహళ్ళి పీజీల నుంచి గుంపుగా దిగే కుర్రాళ్ళు, వీకెండ్‌కి అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చిన నాన్నగారిని వెంటబెట్టుకొచ్చే ఉద్యోగులు, పిల్లల ముఖాలకి నీలం రంగు పూయించి తెచ్చే దంపతులు, అందరూ కనిపిస్తారు. ఇరవై వేల మంది పైగా పట్టే చోట ఒక రాత్రి ఎవరో ఒకరికి ఒంట్లో బాగోకపోవడం వింతేం కాదు. చాలాసార్లు అది కళ్ళు తిరగడంతో సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి గుండే ఆగిపోతుంది.

మ్యాచ్ టెన్షన్ గుండె మీద పడుతుందనేది ఉత్త మాట కాదు. 2006 ప్రపంచ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో లెక్క తీస్తే, జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు కంటే 2.66 రెట్లు నమోదయ్యాయి.

2021 అక్టోబరులో ఇంగ్లండ్‌లో న్యూకాసిల్, టాటెన్‌హామ్ ఆడుతుండగా స్టాండ్‌లో ఒక ప్రేక్షకుడి గుండె ఆగింది. జనం చేతులు ఊపి గోల చేస్తే టాటెన్‌హామ్ ఆటగాళ్ళు గమనించి రిఫరీకి చెప్పారు, ఆట ఆపారు. గుండెకి షాక్ ఇచ్చే యంత్రం, డిఫిబ్రిలేటర్ కోసం వాళ్ళలో ఒకడైన ఎరిక్ డయర్ బెంచ్ వైపు పరుగెత్తాడు. ఆ ప్రేక్షకుడు బతికాడు. తర్వాతి సంవత్సరం స్పెయిన్‌లో కాడిజ్, బార్సిలోనా మ్యాచ్‌లో కాడిజ్ గోల్‌కీపర్ లెదెస్మా తనే డిఫిబ్రిలేటర్ పట్టుకుని గోల్ వెనక స్టాండ్ దగ్గరికి ఉరికాడు. రెండు చోట్లా కదలిక మొదలైంది పక్క సీట్లవాళ్ళ కేకలతోనే. స్టేడియంలో అంబులెన్స్ ఉంటుంది, డాక్టరూ ఉంటారు. కానీ మీరున్న వరసలో ఏం జరిగిందో వాళ్ళకి తెలియాలి, ఆ జనంలోంచి పైకి రావాలి. ఆ మధ్యలో పోయే నాలుగైదు నిమిషాలు మీ చేతిలో ఉంటాయి.

ఆట మొదలవకముందే

సీట్లో కూర్చోగానే టికెట్ మీదున్న స్టాండ్, గేటు, వరస ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకోండి. ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. అత్యవసరంలో అందరూ తడబడేది ఇక్కడే. "ఇక్కడ, ఇక్కడ" అని ఫోన్‌లో అరుస్తారు తప్ప ఎక్కడో చెప్పలేరు. తర్వాత మీకు దగ్గర్లో ఉన్న సెక్యూరిటీ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి చేతిలో వాకీటాకీ ఉంది, మెడికల్ రూమ్ బోర్డు ఎటుందో చూసుకోండి. టాయిలెట్‌కి వెళ్ళేటప్పుడు ఒక కన్నేస్తే చాలు, దీనికోసం ప్రత్యేకంగా తిరగక్కర్లేదు.

పెద్దవాళ్ళని తెస్తుంటే వాళ్ళ మందులు వాళ్ళ జేబులోనే ఉండాలి, కారులో కాదు. గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు. ఇన్సులిన్ పెన్, ఇన్‌హేలర్ ఉంటే డాక్టర్ చీటీ ఫోటో ఫోన్‌లో పెట్టుకుంటే వాదన ఉండదు. షుగర్ ఉన్నవాళ్ళకి రెండు గ్లూకోజ్ పొట్లాలు. ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపించేలా ఎమర్జెన్సీ వివరాలు నింపండి. వాడే మందులు, పడని మందులు, ఇంట్లోవాళ్ళ నంబరు ఉంటే చాలు. ఆటయ్యేసరికి నెట్‌వర్క్ మొరాయిస్తుంది కాబట్టి తప్పిపోతే ఏ గేటు దగ్గర కలవాలో ముందే అనుకోండి.

మొదటి పది సెకన్లు

మనిషి పడిపోగానే చుట్టూ ఉన్నవాళ్ళు చేసే మొదటి పని ఏమిటో మీకూ తెలుసు. లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్ళు పోయబోతారు. దీన్ని ఆపడమే మీ మొదటి పని. స్పృహలో లేని మనిషి నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండె ఆగిన మనిషిని కూర్చోబెడితే విలువైన సమయం పోతుంది. "అన్నా, నీళ్ళొద్దు, పడుకోబెట్టు" అని గట్టిగా చెప్పండి. ఆ గోలలో మర్యాదగా చెబితే ఎవరికీ వినిపించదు.

రెండు భుజాలూ తట్టి "ఏమండీ, వినిపిస్తోందా?" అని చెవి దగ్గర అరవండి. పలకడం లేదంటే ఛాతీ వైపు చూడండి. పది సెకన్లలోపు ఛాతీ లయగా లేచి దిగుతోందా లేదా తేల్చుకోవాలి. డ్రమ్ముల మోతలో ఊపిరి శబ్దం వినబడదు, కళ్ళనే నమ్మాలి. నాడి కోసం మణికట్టు వెతుక్కుంటూ కూర్చోకండి. శిక్షణ లేని చేతికి, పైగా భయంతో వణుకుతున్న చేతికి, అది దొరకదు.

మోసపోయే చోటు ఒకటుంది. గుండె ఆగిన తర్వాత కూడా కాసేపు కొందరు చేప నోరు తెరిచినట్టు ఎగపోస్తారు, గురక లాంటి శబ్దం వస్తుంది. "ఊపిరాడుతోంది, ఏం కాలేదు" అని చుట్టూ ఉన్నవాళ్ళు ఊరటపడతారు. అది ఊపిరి కాదు. మొదటి కొన్ని సెకన్లు కాళ్ళూ చేతులూ ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకోవచ్చు కూడా. పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే అనుకుని పని మొదలుపెట్టండి. నిజానికి ఆగకపోయినా మీరు ఛాతీ మీద నొక్కడం (సీపీఆర్ అంటే ఇదే) వల్ల జరిగే నష్టం చిన్నది. ఆగితే, నొక్కకుండా పోయే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని 7 నుంచి 10 శాతం తగ్గిస్తుంది.

పనులు పంచడం

"ఎవరైనా అంబులెన్స్ పిలవండి" అంటే ఎవరూ పిలవరు. ప్రతివాడూ ఇంకొకడు చేసుంటాడనుకుంటాడు. వేలు చూపించి మనిషిని పట్టుకోవాలి. "బ్లూ షర్ట్ తమ్ముడూ" అంటే నీలం జెర్సీల అభిమానులు నిండే వెస్ట్ బ్లాక్ స్టాండ్‌లో వంద మంది తిరిగి చూస్తారు. కళ్ళజోడు, గడ్డం, టోపీ, ఏదో ఒక గుర్తు పట్టండి.

ముగ్గురికి మూడు పనులు అప్పజెప్పండి. ఒకరు సెక్యూరిటీ మనిషి దగ్గరికి పరుగెత్తాలి. స్టేడియం లోపలున్న వైద్య బృందానికి అదే దగ్గరి దారి. బయటి ఫోన్ కంటే వాకీటాకీ వేగం. "ఏఈడీ కూడా తెమ్మనండి" అని గుర్తుచేసి పంపండి. ఏఈడీ అంటే ఎవరైనా వాడగలిగే డిఫిబ్రిలేటర్ పెట్టె. ఇంకొకరు 108కో 112కో ఫోన్ చేయాలి. కర్ణాటకలోనూ 108 అంబులెన్సే. స్టేడియం పేరు, గేటు, స్టాండ్, "మనిషికి స్పృహ లేదు, ఊపిరి లేదు, సీపీఆర్ చేస్తున్నాం" అని చెప్పి, వాళ్ళు పెట్టమనేదాకా ఫోన్ పెట్టకూడదు. మాట వినబడకపోతే మెట్లు దిగి స్టాండ్ కిందికి వెళ్ళి మాట్లాడాలి. మూడో మనిషి స్టాండ్‌లోకి వచ్చే దారి దగ్గర చెయ్యెత్తి నిలబడి స్ట్రెచర్‌ని మీ వరసకి తీసుకురావాలి. ఈ మూడోది అందరూ మర్చిపోతారు. అంబులెన్స్ గేటు దాకా వచ్చి మనిషి ఎక్కడున్నాడో తెలియక ఆగిపోయేది అందుకే.

సెక్యూరిటీ వాళ్ళతో తెలుగో హిందీయో పనిచేయకపోతే ఈ కన్నడ మాటలు చాలు: "సర్, ఇల్లి ఒబ్బరు బిద్దిదారె. ఉసిరాడ్తిల్ల. డాక్టర్‌న కరీరి, బేగ!"

మిగతా జనంలో ఇద్దరు ముగ్గుర్ని వీపులు మీ వైపు తిప్పి చుట్టూ గోడలా నిలబడమనండి. గోల్ పడితే పై వరసల వాళ్ళు గంతులేస్తూ మీద పడతారు. ఫోన్‌తో వీడియో తీసేవాడికి కూడా ఒక పని అప్పజెప్పండి, వీడియో ఆగిపోతుంది.

నొక్కడం: చోటు, లోతు, వేగం

సీటు మీద, రెండు వరసల మధ్య ఇరుకులో సీపీఆర్ కుదరదు. ఇద్దరు ముగ్గురు చంకల కింద, మోకాళ్ళ కింద పట్టుకుని దగ్గర్లో ఉన్న చదునైన నడవ మీదికో, మెట్ల మధ్య వెడల్పు జాగాలోకో చేర్చాలి. దీనికి అరనిమిషం మించకూడదు. కిందికి మోసుకుపోయి ట్రాక్ మీద పెడదామనే ఆలోచన వద్దు. కంఠీరవలో స్టాండ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పరుగు ట్రాక్ ఉంది, చూడటానికి విశాలంగా కనిపిస్తుంది. కానీ ఆ మెట్లన్నీ దిగేంతసేపూ గుండె మీద ఎవరి చెయ్యీ ఉండదు.

వెల్లకిలా పడుకోబెట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద, ఒక అరచెయ్యి మణికట్టు వైపు భాగం ఆనించండి. దాని మీద రెండో చెయ్యి వేసి వేళ్ళు పెనవేయండి. మోచేతులు వంగకూడదు. మీ భుజాలు సరిగ్గా ఆ చేతుల పైకి రావాలి. చేతి బలంతో కాదు, నడుము పై భాగం బరువంతా దింపి నొక్కాలి. 5 సెంటీమీటర్ల లోతు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఆ లేచే క్షణంలోనే గుండెలోకి రక్తం నిండుతుంది. అలసిపోయినవాళ్ళు చేసే తప్పు ఇదే, బరువు పూర్తిగా తీయకుండా పైపైన కొడుతుంటారు.

స్టేడియంలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అభిమానుల డ్రమ్ము మీ చేతుల్ని తనవైపు లాగేస్తుంది. ఆ దరువు ఒకసారి నెమ్మదిగా, ఒకసారి పిచ్చివేగంతో నడుస్తుంది. అందుకే నోటితో గట్టిగా లెక్కపెట్టండి, పక్కన ఇంకొకరు కూడా కలిసి లెక్కపెడితే లయ నిలుస్తుంది. ఫోన్‌లో లయగా టిక్‌టిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ ఉంటే 110కి పెట్టి చెవి దగ్గర పట్టుకోమనండి.

నోటితో ఊపిరి ఊదడం నేర్చుకుని ఉంటే 30 నొక్కులకి 2 ఊపిర్లు. రాకపోతే, ఇష్టం లేకపోతే, వదిలేయండి. పెద్దవాళ్ళకి నొక్కడం ఒక్కటైనా చాలా మేలు. చిన్నపిల్లల విషయంలో మాత్రం ఊపిరి ముఖ్యం, అది తెలిసినవాళ్ళని వెంటనే పిలవండి.

రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. "నాకేం ఫర్లేదు" అనకండి. రెండు నిమిషాల తర్వాత నొక్కు లోతు తగ్గడం మీకే తెలియదు. పక్కటెముక విరిగిన చప్పుడు రావచ్చు. అది జరిగేదే, ఆపకండి. ఆ మనిషి కదిలితేనో, మామూలుగా ఊపిరి తీస్తేనో, వైద్య బృందం వచ్చి తప్పుకోమంటేనో ఆపాలి. అంతే.

"ఏమైనా అయితే కేసు నా మీద పడుతుందేమో" అనే భయం మనలో చాలామందికి ఉంది. స్పృహ లేని మనిషి మేలు కోసం మంచి ఉద్దేశంతో చేసిన పనిని నేరంగా చూడకూడదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతోంది.

ఏఈడీ వస్తే

పెట్టె తెరిచి ఆన్ చేస్తే అదే మాట్లాడుతుంది, చెప్పినట్టు చేయడమే. చొక్కా చింపేయండి, మొహమాటం వద్దు. ఆడవాళ్ళయితే దుపట్టాతోనో జెర్సీతోనో చుట్టూ మరుగు పెట్టించి మరీ చేయండి. సిగ్గుతో ఆగిపోవడం వల్ల ప్రాణం పోకూడదు. చెమట, వాన తడి తుడవాలి. పెట్టెలో ఉండే అంటుకునే ప్యాడ్‌లలో ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. చర్మం కింద పేస్‌మేకర్ ఉబ్బు కనిపిస్తే దాని మీద అంటించకుండా కొంచెం పక్కకి జరపండి. యంత్రం పరీక్షిస్తున్నప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరి చెయ్యీ ఆ మనిషి మీద ఉండకూడదు. షాక్ పడిన మరుక్షణం మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాలి. అవసరం లేకపోతే యంత్రం షాక్ ఇవ్వదు కాబట్టి తప్పుగా వాడేస్తామేమో అనే భయం అక్కర్లేదు.

గుండె ఆగలేదు, కానీ మనిషి బాగా లేడు

ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే.

ఛాతీ నొప్పి గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో దాని పేరు "గ్యాస్". పెనాల్టీ షూటౌట్ మధ్యలో నాన్నగారు ఛాతీ పట్టుకుంటే "మధ్యాహ్నం బిర్యానీ పడలేదు, ఈనో ఉందా" అంటారు. చెమటలు పట్టడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఏదున్నా గ్యాస్ అనే మాట పక్కన పెట్టండి. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి లేకుండా ఉత్త నీరసంగా, ఆయాసంగా కూడా రావచ్చు. అలాంటివాళ్ళని నడిపించకూడదు. కింద కూర్చోబెట్టి వీపుకి ఆసరా ఇచ్చి, మోకాళ్ళు మడిచి ఉంచాలి. మెట్లు ఎక్కించి దించడం అసలే వద్దు. ఆస్పిరిన్ పడనివాళ్ళు కాకపోతే, కడుపులో పుండ్లు, రక్తస్రావం లేకపోతే 300 మిల్లీగ్రాముల దాకా నమిలి మింగమనొచ్చు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రం ఆయనకి డాక్టరు రాసిచ్చి ఉంటేనే. పక్కవాళ్ళ జేబులోది తీసి నాలుక కింద పెడితే బీపీ పడిపోవచ్చు.

మూతి ఒక పక్కకి పోవడం, ఒక చెయ్యి పైకెత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. అప్పుడు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఎన్ని గంటలకి మొదలైందో రాసుకోండి. గడ్డ కరిగించే మందు పనిచేసేది నాలుగున్నర గంటల్లోపే, ఎంత ముందైతే అంత మేలు.

ఫిట్స్ వస్తే చేతులు కాళ్ళు పట్టుకుని అణచొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. తల కింద జెర్సీ మడిచి పెట్టి, కుర్చీల అంచులు తగలకుండా చూసి, టైమ్ గమనించండి. ఆగగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి స్పృహ రాకుండానే ఇంకోటి వచ్చినా అది పెద్ద అత్యవసరం. ఆగాక ఊపిరి చూడటం మరవొద్దు.

షుగర్ పడిపోయిన మనిషి తాగినవాడిలా ఉంటాడు. తూలుతాడు, విసుక్కుంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. చర్చ్ స్ట్రీట్ పబ్బుల నుంచి నేరుగా వచ్చే గుంపులు ఎక్కువ కాబట్టి "తాగాడులే" అని వదిలేయడం ఇక్కడ చాలా సులువు. మింగగలిగే స్థితిలో ఉంటే తీపి కూల్‌డ్రింక్ ఒక గ్లాసు తాగించండి, డైట్ రకం కాదు. లేదా మూడు నాలుగు చెంచాల పంచదార. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. మింగలేకపోతే నోట్లో ఏమీ వేయకుండా వైద్య బృందాన్ని పిలవాలి.

గొంతులో పల్లీయో, పఫ్ ముక్కో అడ్డం పడి దగ్గు కూడా రాకపోతే ముందుకి వంచి భుజపుటెముకల మధ్య 5 సార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనక నిలబడి బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు గుంజండి. వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి చేయాలి. గర్భిణులకి, ఏడాది లోపు పిల్లలకి పొట్ట మీద గుంజకూడదు, ఛాతీ మీద నొక్కాలి. దగ్గుతున్నవాళ్ళని దగ్గనివ్వండి, వీపు మీద కొట్టక్కర్లేదు.

ఉత్త కళ్ళు తిరగడమైతే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే నిమిషంలో తేరుకుంటారు. వెంటనే లేచి నిలబడనివ్వకండి. పడినప్పుడు తల మెట్టుకి తగిలిందా, మెడ నొప్పిగా ఉందా అని అడగండి. అలా ఉంటే కదపకూడదు.

తోపులాటలో

2025 జూన్ 4న, కబ్బన్ పార్కుకి అవతలి పక్కనున్న చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. అది క్రికెట్ సంబరం. ఫుట్‌బాల్‌లో 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియం తోపులాట 97 మందిని బలి తీసుకుంది. ఇలాంటి చోట చాలామంది కాళ్ళ కింద నలిగి చనిపోతారనుకుంటాం. నిలబడి ఉన్నవాళ్ళు కూడా చనిపోతారు. నాలుగు పక్కలా ఒత్తిడికి ఛాతీ విచ్చుకునే జాగా లేక ఊపిరాడదు.

మీ రెండు భుజాలకీ జనం తగులుతూ, చెయ్యి ముఖం దాకా ఎత్తలేని స్థితి వచ్చిందంటే ఇక ముందుకి వెళ్ళకండి. బాక్సర్‌లా రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి. ఊపిరికి కావాల్సిన జాగా అదే. అరవొద్దు, గాలి దాచుకోండి. ఫోన్, చెప్పు కింద పడినా వంగొద్దు. తోపు వచ్చినప్పుడు ఎదురు నిలవకుండా, అది సద్దుమణిగిన క్షణంలో ఐమూలగా పక్కకి జరుగుతూ అంచుకి చేరండి. గోడకీ, బారికేడ్‌కీ ఆనుకుని ఉండటం ప్రమాదం. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకోండి. బయటపడిన తర్వాత స్పృహ లేని మనిషి కనిపిస్తే, ఊపిరాడక పడినవాళ్ళు కాబట్టి నోటి ద్వారా ఊపిరి ఇవ్వడం తెలిసినవాళ్ళు తప్పకుండా ఇవ్వాలి.

అప్పగించేటప్పుడు

వైద్య బృందం రాగానే కథంతా చెప్పకండి. ఎన్ని గంటలకి పడ్డాడు, సీపీఆర్ ఎప్పుడు మొదలైంది, ఎన్ని షాక్‌లు పడ్డాయి, ఏ మందు ఇచ్చారు, ఆ మనిషికి ముందున్న జబ్బులేమిటి, ఇంతే చాలు. ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళాలో వాళ్ళని నిర్ణయించనివ్వండి. విఠల్ మాల్య రోడ్డులో మాల్య ఆస్పత్రి, నృపతుంగ రోడ్డులో సెయింట్ మార్తాస్ స్టేడియానికి దగ్గర్లోనే ఉన్నాయి. ఊపిరి లేని మనిషిని ఆటోలో వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దు. ఆటోలో సీపీఆర్ చేయలేరు, మ్యాచ్ అయ్యాక కస్తూర్బా రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

పడిపోయిన మనిషితో వచ్చినవాళ్ళని ఒక్కసారి చూడండి. ఒక్కోసారి పక్కన పదేళ్ళ పిల్లాడు ఒక్కడే ఉంటాడు. అంబులెన్స్‌లో ఒకరినే ఎక్కించుకుంటే వాడి చెయ్యి పట్టుకుని ఇంకొకరు ఉండాలి, వాళ్ళ అమ్మకి ఫోన్ కలపాలి. ఆ ఫోన్, పర్సు, మందుల కవరు స్ట్రెచర్‌తో పాటే పంపించండి. సీపీఆర్ సరిగ్గా నేర్చుకోవాలంటే రేస్ కోర్స్ రోడ్డులోని రెడ్‌క్రాస్ కర్ణాటక శాఖలో ప్రథమ చికిత్స శిక్షణ గురించి అడగండి. బొమ్మ ఛాతీ మీద ఒకసారి 5 సెంటీమీటర్లు నొక్కి చూస్తే అది ఎంత గట్టి పనో చేతులకి తెలుస్తుంది.